మధ్యలో వెండి పొర

జహనుమాలో మెయిన్ రోడ్డు దిగి గల్లీలోకి తిరిగితే రేకుల షెడ్డు. మా టిఫిన్ బండిని నాన్న, నేను అక్కడిదాకా తోసుకెళ్లాం. ఇంజన్ బౌలి వైపు గుంతల రోడ్డు కుదుపులకు బోల్టులు వదులై, అల్యూమినియం రేకు లొడలొడ కొట్టుకుంటోంది.

"బోల్టులొద్దు ఉస్తాద్. రేకును ఇనుప యాంగ్లర్‌కి వెల్డింగ్ కొట్టెయ్. పీడా పోతది."

ఉస్తాద్ రేకును వేలితో తట్టి చూశాడు. "పట్టుకుంటది అన్నా, నిలవదు."

నాన్న పట్టు విడవలేదు. ఉస్తాద్ నల్ల అద్దాలు దించి గ్యాస్ మంట వెలిగించాడు. ఇనుము ముదురు ఎరుపుకు తిరిగింది. అల్యూమినియం మాత్రం తెల్లగా, ఏమీ ఎరగనట్టే ఉంది. "ఇనుము కాగితే రంగు చెప్తది. ఇది చెప్పదు" అంటుండగానే రేకు అంచు చటుక్కున జారి నేల మీద బొట్టయింది. అది 660 డిగ్రీలకే కరుగుతుంది. ఇనుము కరగాలంటే 1,538 కావాలి. పైగా అల్యూమినియాన్ని కప్పి ఉండే కంటికి కనపడని ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొర తొలగేలా ఉస్తాద్ ఫ్లక్సు పొడి చల్లి మళ్లీ పట్టాడు. ఈసారి అతుక్కుంది. నాన్న ముఖం వెలిగింది.

చల్లారాక ఉస్తాద్ సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేశాడు. అతుకు పింగాణీలా టక్కున విడిపోయింది. విరిగినచోట బూడిదరంగు పలుకులు మెరిశాయి. అది ఇనుమూ కాదు, అల్యూమినియమూ కాదు.

ఆ పలుకుల పేరు నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఈ రెండు లోహాలూ వేడిలో కలిస్తే పుట్టే మూడో పదార్థాల్లో రెండు ఇనుము పరమాణువులకు ఐదు అల్యూమినియం పరమాణువులు చేరినది ఒకటి. చాలా గట్టిది, అంతే పెళుసు. వేడి ఎక్కువైనకొద్దీ, ఎక్కువసేపు ఉన్నకొద్దీ ఆ పొర మందమవుతుంది. చేయి తిరిగిన మనిషి ఎంత కష్టపడి కాలిస్తే అతుకు అంత బలహీనం కావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జహనుమా నుంచి చాంద్రాయణగుట్ట దాటితే కంచన్‌బాగ్. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌లో ఇదే చిక్కుతో తలపడ్డారు మధుసూదన రెడ్డి, సాంబశివరావు, మోహన్‌దాస్. వాళ్ల పరిశోధనా పత్రం 2008లో అచ్చయింది. ఇలాంటి అతుకు రాకెట్లకూ అవసరమే. తేలికని ట్యాంకు అల్యూమినియంతో చేస్తారు, గొట్టాలేమో స్టెయిన్‌లెస్ స్టీలు. లోపల మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ ఉంటే చిన్న పగులు కూడా ప్రమాదమే.

ఆ గదిలో నేను లేను. ఒరిపిడితో అతికే వాళ్ల యంత్రం తీరును బట్టి ఊహించుకుంటాను. ఒక కడ్డీ గిర్రున తిరుగుతోంది. ఎదురుగా రెండోది కదలకుండా బిగించి ఉంది. ఒకటి 6061 రకం అల్యూమినియం, ఇంకొకటి 304 రకం స్టీలు. రెండూ ముఖాముఖి ఒరుసుకుంటాయి. మంట లేదు, వెల్డింగ్ రాడ్డు లేదు. ఒరిపిడికి మెత్తబడిన అల్యూమినియం పాత ఆక్సైడ్ పొరను వెంటబెట్టుకుని అంచు చుట్టూ ముద్దగా పొంగి బయటికొస్తుంది. తిప్పడం ఆపి గట్టిగా అదిమేస్తారు. అంతా కొన్ని క్షణాల్లోనే.

అయినా ఆ పాడు పొర పుట్టింది. అప్పుడు కడ్డీల మధ్య కరెంటుతో లోహపు పూత వేసి చూశారు. రాగి వేస్తే పెళుసు. నికెల్ వేసినా పెళుసే. వెండి వేశారు. వెండి ఇనుముతో కలవదు, దాన్ని అల్యూమినియం వైపు దాటనివ్వదు. తాను మాత్రం అల్యూమినియంతో కలిసి వేరే పదార్థమవుతుంది, కాస్త సాగే గుణమున్నది. ఇది చదివినప్పుడు చార్మినార్ దగ్గర మిఠాయిల కోసం వెండి వరఖ్ కొట్టే సుత్తుల చప్పుడు చెవుల్లో మోగింది.

ఆ రోజు ఉస్తాద్ డబ్బులు తీసుకోలేదు. పాత సైకిల్ ట్యూబు కత్తిరించి, రేకుకీ యాంగ్లర్‌కీ మధ్య ఒక్కో ముక్క పెట్టి బోల్టులు బిగించాడు. "ఇది లేకపోతే వాన నీళ్లు దిగి అల్యూమినియం తెల్లపొడి రాలుతది అన్నా. ఇనుము పక్కనుంటే దాన్ని తినేస్తది."

బండి చప్పుడు ఆగింది. ఏటా మృగశిర కార్తెకు ముందు నాన్న స్పానర్ పట్టుకుని కూర్చుని ఆ ట్యూబు ముక్కలు మార్చేవాడు. పాతవి నా చేతికిచ్చేవాడు, కొత్తవి అదే కొలతకు కత్తిరించమని.