బుడగలు ఆగిపోయాయి

2014 అక్టోబర్ 12. ఆదివారం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఓ అపార్టుమెంటు, మూడో అంతస్తు.

తెల్లవారకముందే కరెంటు పోయింది. కుయ్‌మంటూ ఇన్వర్టర్ అందుకుంది. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, కేబుల్ తెగేదాకా టీవీ. తలుపులన్నీ బిగించిన ఇల్లు ఉక్కపోస్తోంది. హాలు మూల నాలుగడుగుల అక్వేరియంలో మామూలుగానే బుడగలు లేస్తున్నాయి. అటువైపు ఎవరూ చూడలేదు. అందరి చెవులూ గాలి మీదే ఉన్నాయి. పదకొండు కావస్తుండగా ఇన్వర్టర్ ఆగకుండా కూతలు పెట్టింది. ఫ్యాన్లు నెమ్మదించాయి. లైట్లు ఆరిపోయాయి.

“నాన్నా, బుడగలు ఆగిపోయాయి!” పదో తరగతి పిల్లాడి కేక.

ఆయన వినిపించుకునే స్థితిలో లేడు. గాలి వీధి చివర లేచి, కొబ్బరి మొవ్వుల్ని మెలిపెట్టి, హోర్డింగుల రేకులు ఊడబెరికి, మేడల మీది ట్యాంకుల మూతలు ఎగరేసుకుంటూ వచ్చి ఆ ఇంటి బాల్కనీ తలుపును గుద్దింది, తలుపుకి అడ్డంగా సోఫా, సోఫాకి దన్నుగా డైనింగ్ టేబులు, టేబులుకి తన భుజం ఆనించి ఆయన నిలబడ్డాడు. భార్య గడప దగ్గర పాత చీరలు కుక్కుతోంది. వాన అడ్డంగా కొడుతోంది. గచ్చు మీద నీళ్లు. పిల్లాడు వంగి చూశాడు. ఆ నీళ్లు బాల్కనీవి కావు.

చేపల తొట్టివి. ఎయిర్ పంపు తొట్టి కింద అరలో ఉంది. కరెంటు ఉన్నంతసేపూ గాలిని పైకి తోసిన సన్న గొట్టమే ఇప్పుడు తొట్టిలోని నీళ్లని కిందికి లాగేస్తోంది. అరలోంచి ధార కట్టింది. పిల్లాడు గొట్టం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ధార ఆగింది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి కూడా ఆగింది.

ఎదురు ఫ్లాటువాళ్లు తలుపు తీసి మెట్ల మీదికి వచ్చారు. పిల్లాడూ చెప్పుల్లో కాలు పెట్టాడు. మంచం మీంచి మామ్మ అరిచింది.

“ఎక్కడికిరా? లోపలికి రా! ఇది సగమే. రెండో సగం అటునుంచి వస్తాది.”

ఆవిడది శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. తుపాను కన్ను నెత్తిమీదుగా వెళ్తున్నప్పుడు కాసేపు అంతా సద్దుమణుగుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒమన్ దేశం హుద్‌హుద్ అని ఓ పిట్ట పేరు పెట్టిన ఆ తుపాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటుతోంది. గంటకి 180 కిలోమీటర్ల వేగం. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. తుపాన్లని కనిపెట్టే కైలాసగిరి రాడార్ కూడా పనిచేయడం మానేసింది. మామ్మ మాట పూర్తయిన కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ హోరు.

చీకటి పడ్డాక గాని తండ్రి టార్చి తొట్టి మీద పడలేదు.

నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ పైకి తేలి ఉన్నాయి. నోళ్లు తెరిచి నీటి అంచుని కొరుకుతున్నాయి. తొట్టి అడుగు తుడిచే సక్కర్ చేప అద్దం పట్టుకుని పైదాకా పాకింది. రెండు గౌరామీలు మాత్రం ఓసారి పైకొచ్చి గుక్క మింగి, నింపాదిగా కిందికి పోతున్నాయి.

“గింజలు వెయ్యనా నాన్నా? ఆకలేమో.” పిల్లాడు డబ్బా మూత తీశాడు.

అప్పుడే తలుపు దబదబా చప్పుడైంది.

కింద ఫ్లాటులో అద్దెకుండే భీమవరం ఆయన. అగ్గిపెట్టె కోసం వచ్చాడు. ఆయన చూపు తొట్టి మీద పడింది. పిల్లాడి చేతిలోని డబ్బా మీద పడింది.

“గింజెయ్యకు బాబూ! తల తేలేశాయండీ అవి. ఊపిరాడట్లేదు. చెంబేదైనా ఉంటే పట్రండి, తొందరగా!”

రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్ ఆయన. ఇలాంటి తెల్లవారుజాములు ఎన్నో చూశాడు. పగలు చెరువులోని నాచు ప్రాణవాయువుని ఇస్తుంది, రాత్రి అదే నాచు తిరిగి వాడుకుంటుంది. వేకువకి నీళ్లలో గాలి అట్టడుక్కి పడిపోతుంది. అందుకే గోదావరి జిల్లాల్లో చెరువు గట్టున ఏరేటర్లూ, వాటి పక్కన డీజిల్ జనరేటరూ ఉంటాయి. ఇంట్లో తొట్టికీ అదే లెక్క. 28 డిగ్రీల నీళ్లలో నిండా కలిసినా లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల లోపే ప్రాణవాయువు. బుడగల్లోంచి చేపకి నేరుగా దక్కేది తక్కువ, అవి నీటిపై పొరని కదిలిస్తాయి, ఆ కదలిక వల్లే బయటి గాలి లోపలికి దిగుతుంది. పొర కదలకపోతే తొట్టి మూసుకుపోయినట్టే. గౌరామీలకి మొప్పల పైన మరో అవయవం ఉంది, అవి బయటి గాలినే పీల్చుకుని బతుకుతాయి. గోల్డ్‌ఫిష్‌లకి అది లేదు.

ఆయన చెంబు ముంచాడు. మూరెడు ఎత్తు నుంచి పోశాడు. మళ్లీ ముంచాడు. మళ్లీ పోశాడు.

“ఇంతేనండి. రాత్రంతా ఇదే పని. ఆపారో, పోతాయి.”

వంతులేసుకున్నారు. తండ్రి, తల్లి, పిల్లాడు. కొవ్వొత్తి వెలుగులో నీళ్ల చప్పుడు. చేతులు పీకాయి. రెండు దాటాక పిల్లాడు గోడకి జారబడి నిద్రపోయాడు. మామ్మ లేచి వచ్చి వాడి చేతిలోని ఇత్తడి చెంబు తీసుకుంది. తెల్లారేసరికి మూడు గోల్డ్‌ఫిష్‌లు నీళ్ల మధ్యకి దిగాయి. నాలుగోది దిగలేదు.

దాన్ని వెంటనే తీసేశారు. కుళ్లితే ఉన్న కాస్త గాలినీ అదే తినేస్తుంది. పిల్లాడు ఏడ్చాడు. తండ్రి కిటికీలోంచి కిందికి చూశాడు. వీధి లేదు. పడిపోయిన చెట్లే ఉన్నాయి.

పాలు లేవు. ఫోన్లు పలకలేదు. పెట్రోలు బంకుల ముందు మైళ్ల బారులు. కరెంటు స్తంభాలు ఎక్కడికక్కడ విరిగి పడ్డాయి. ఇది ఒక రోజుతో తేలే వ్యవహారం కాదు. చెంబుతో ఎన్ని రాత్రులు పోస్తారు?

సాయంత్రం భీమవరం ఆయన మళ్లీ మెట్లెక్కాడు. చేతిలో సబ్బుపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా, దానికో సన్న గొట్టం. చెరువు నుంచి ల్యాబుకి రొయ్యల్ని బతికుండగా పట్టుకెళ్లే బ్యాటరీ పంపు. రెండు పెద్ద సెల్లు వేస్తే నడుస్తుంది. మీట నొక్కాడు.

చప్పుడు లేదు. సెల్లు అయిపోయాయి.

తండ్రి కొట్లన్నీ తిరిగాడు. సగం మూతపడ్డాయి. తెరిచినవాళ్లు ఒకటే మాట, సెల్లూ కొవ్వొత్తులూ పొద్దున్నే ఖాళీ. ఉత్త చేతులతో ఇల్లు చేరేసరికి గది మధ్య మామ్మ రేడియో గరగరమంటోంది. ఆ ఇంటికి బయటి ప్రపంచం కబుర్లు చెబుతున్నది అదొక్కటే. ఆయన చూపు రేడియో వెనక మూత మీద ఆగింది. అడగడానికి నోరు రాలేదు.

మామ్మే రేడియో ఒళ్లో బోర్లించుకుని మూత ఊడదీసింది. రెండు పెద్ద సెల్లు.

“మరి వార్తలు, మామ్మా?”

“గాలి వచ్చీసింది, ఎల్లిపోయింది. ఇంకా వార్తలేటిరా? పట్టుకెల్లు.”

పంపు గుర్రుమంది. సన్నటి బుడగల తీగ పైకి లేచింది. సెల్లు ఎక్కువ రోజులు రావాలని కాసేపు నడిపారు, కాసేపు ఆపారు, ఆపినప్పుడు చెంబు అందుకున్నారు. గింజలు మాత్రం ఒక్కటీ వెయ్యలేదు. ఎదిగిన చేప తిండి లేకుండా వారం ఉంటుంది. తింటే విసర్జిస్తుంది, ఫిల్టరు తిరగని నీళ్లలో ఆ విసర్జనే అమ్మోనియా విషమవుతుంది.

వారం చివర్లో ఓ సాయంత్రం వీధంతా ఒక్కసారిగా కేకలు. కరెంటు! ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్ వణికింది. పిల్లాడు పరుగున తొట్టి దగ్గరికి చేరి ఫిల్టరు స్విచ్ మీద వేలు పెట్టాడు.

“ఆగు బాబూ! చెయ్యి తియ్!”

గుమ్మంలో భీమవరం ఆయన. తన పంపు తీసుకెళ్దామని వచ్చాడు. తొట్టి కింద అల్మరాలో క్యానిస్టర్ ఫిల్టరు ఉందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. వంగి, గొట్టాల కుళాయిలు కట్టి, డబ్బా బాల్కనీలోకి మోసుకెళ్లి మూత తీశాడు. కుళ్లిన కోడిగుడ్డు కంపు గుప్పున కొట్టింది. తల్లి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. లోపల నల్లటి నీళ్లు.

నీటిని శుభ్రం చేసే మేలు బ్యాక్టీరియా ఉండేది ఆ డబ్బాలోని స్పాంజిలోనే. వాటికీ గాలి కావాలి. నీళ్లు కదలక, గాలి అందక అవి చచ్చి కుళ్లాయి. గాలి అక్కర్లేని మరో రకం సూక్ష్మజీవులు పెరిగి విషవాయువుని పోగేశాయి. స్విచ్ వేసి ఉంటే నిమిషాల్లో ఆ నీళ్లన్నీ తొట్టిలోకి వచ్చేవి. హుద్‌హుద్ నుంచి గట్టెక్కిన చేపలు కరెంటు వచ్చాక పోయేవి.

నల్లనీళ్లు పారబోశారు. స్పాంజిని తొట్టి నీళ్లతోనే కడిగారు. ట్యాంకరు నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది, మిగిలిన కాస్త బ్యాక్టీరియానీ అది చంపుతుంది. ఆ తర్వాతే స్విచ్ వేశారు. మూడు గోల్డ్‌ఫిష్‌లు, రెండు గౌరామీలు, ఒక సక్కర్ దక్కాయి.

ఆ ఇంట్లో ఇన్వర్టర్ లేక కాదు ఈ అవస్థంతా. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కప్రకారం 1800 వాట్‌-అవర్ల కరెంటు ఉంటుంది. ఒక మామూలు ఫ్యాను గంటకి 75 దాకా లాగుతుంది. చిన్న ఎయిర్ పంపుకి ఐదు చాలు. మిగతావి ముందే ఆపేసి ఉంటే చేపలకి చాలా గంటలు కలిసొచ్చేవి. ఇప్పుడు యూఎస్‌బీతో నడిచే పంపులు దొరుకుతున్నాయి. రెండు వాట్ల పంపుని పదివేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు పన్నెండు గంటల పైనే నడుపుతుంది. గాలి గొట్టానికి ఓ చెక్ వాల్వు బిగిస్తే నీళ్లు వెనక్కి రావు. జనరేటరు వాడేవాళ్లు దాన్ని ఇంటి బయటే పెట్టాలి, దాని పొగ మనుషుల్నే చంపుతుంది.

తీరంలో అక్టోబరు, నవంబరు ఏటా వస్తాయి. మీ ఇంట్లో అక్వేరియం ఉంటే ఒక బ్యాటరీ పంపు, దానికి సరిపడా సెల్లు ఇవాళే తెచ్చిపెట్టుకోండి. కరెంటు పోగానే గింజలు ఆపండి, క్యానిస్టర్ మూత తీసి స్పాంజిని తొట్టి నీళ్లలోనే ఉంచండి. కరెంటు వచ్చాక, ఫిల్టరుని కడిగిన తర్వాతే స్విచ్ వెయ్యండి.