మాచ్‌నూరు సంఘం రేడియో చరిత్రము

చరిత్రమనగా రాజుల దండయాత్రలును, వంశావళులును మాత్రమే యని పెక్కుమంది తలంచుచుందురు. మన మహాసభా సంచికలలో గూడ మూలపురుషుల వృత్తాంతములును, దాతల ప్రశంసలును తరచుగా వెలువడుచుండును. అవి యావశ్యకములే. అయినను మన కాలముననే, మన పొరుగుననే, కడు పేదలగు స్త్రీలు నెలకొల్పిన యొక సంస్థ చరిత్రమును ఈ సారి పాఠక మహాశయులకు విన్నవింప దలంచితిమి.

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు సమీపమున మాచ్‌నూరను చిన్న గ్రామము కలదు. 2016 వరకు నిది మెదకు జిల్లాలోనిది. ఇచ్చటివి వర్షాధారపు భూములు. జొన్న, సామ, కొర్ర, కంది ఇచ్చటి పంటలు. 1983లో వెలసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవా రీ ప్రాంతమున దళిత స్త్రీలను గ్రామగ్రామమున సంఘములుగా గూర్చిరి. ఆ సొసైటీ స్థాపకులలో ముఖ్యులు పి. వి. సతీష్‌గారు, 2023లో కీర్తిశేషులైరి.

హైదరాబాదు రేడియోను నిజాము ప్రభుత్వము 1935లో స్వాధీనము చేసికొనెను. 1950లో నది ఆకాశవాణిలో జేరెను. ప్రభుత్వ మేదైనను పలుకునది పట్టణము, వినునది పల్లె. తమ విత్తనములగూర్చి, తమ భూములగూర్చి, తమ యాసలో తామే యేల పలుకరాదని సంఘ స్త్రీలు తలంచిరి. 1995 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టువారు ఆకాశ తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పిరి. జస్టిస్ పి. బి. సావంత్‌గారును, తెలుగువారగు జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డిగారును ఆ ధర్మాసనమున నుండిరి.

యునెస్కో సాయముతో 1998 నాటికి మాచ్‌నూరున రేడియో కేంద్రము సిద్ధమయ్యెను. యంత్రములు వచ్చెను, వానిని నడప నేర్చిన స్త్రీలును గలరు. కాని 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే ప్రసారము చేయరాదు. ఆ లైసెన్సు రాలేదు. సొత్తు మీదేయని న్యాయస్థానము చెప్పెను. తాళపుచెవి మాత్రము చేతికి రాలేదు. ఇట్లు పదియేండ్లు గడచెను.

ఆ పదియేండ్లును వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ముసలమ్మల పాటలను, విత్తు దాచు పద్ధతులను, ఆకు పసరుల వైద్యమును కేసెట్లలో నెక్కించి, సంఘ సమావేశములకు గొనిపోయి టేపు రికార్డరుపై వినిపించిరి. గాలిలో బోవలసిన మాట కాలినడకన బోయెను!

2002లో ప్రభుత్వమువారు విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి నిచ్చిరి. 2004లో చెన్నపురి అన్నా విశ్వవిద్యాలయమున అట్టి కేంద్రము వెలసెను. 2006 నవంబరులో ప్రజాసంస్థలకును ద్వారము తెరవబడెను. తుదకు 2008 అక్టోబరు 15వ తేదీన 90.4 మెగాహెర్ట్జుల ఎఫ్.ఎం.పై సంఘం రేడియో పలికెను. నాడు తీర్పు చెప్పిన సావంత్‌గారే ప్రారంభోత్సవము జరిపిరి. కేంద్రమును నడపిన బాధ్యత జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ యను నిరువురు దళిత స్త్రీలది. గ్రామీణ భారతమున ప్రజాసంస్థ నడపిన రేడియోలలో నిదియే మొదటిదని ప్రసిద్ధి.

సోదరులారా! మనలో విద్యావంతులు కలరు, ధనవంతులు కలరు, ఏటేట మహాసభలు జరుపుకొను శక్తియు కలదు. అయినను మన యిండ్లలోని వృద్ధుల నోటనున్న పాటలు, వృత్తి రహస్యములు, ఊరి కథలు ఎన్ని భద్రపరచితిమి? ఒక్కొక్క వృద్ధుడు గతించిన కొలదిని ఒక్కొక్క గ్రంథము కాలిపోవుచున్నది. లైసెన్సు లేని దినములలో వారికి కేసెట్టు చాలెను. నేడు ప్రతి చేతను రికార్డు చేయు ఫోను కలదు. మనకు కొరతపడినది యంత్రము కాదు, శ్రద్ధయే. ఎవరి యొద్ద నేర్చుకొనుటకు మన మభిమానపడుదుమో, వారే మనకు దారి చూపిరి. వచ్చు మహాసభ నాటికి ప్రతి గ్రామ శాఖయు ఒక్క వృద్ధుని మాటనైనను భద్రపరచి తెచ్చునుగాక యని మా ప్రార్థన.