ఓడినవాళ్ల ఊరు మిగిలింది

దొరల కాలం నాటి పట్నం చూడాలనిపిస్తే మనవాళ్లు పుదుచ్చేరికి టికెట్టు తీస్తారు. కాస్త చేయి ఆడేవాళ్లయితే గోవా అంటారు. కోనసీమలోని అల్లవరం నుంచి అమలాపురం, ముమ్మిడివరం, మురమళ్ల మీదుగా ఎదుర్లంక వంతెన దాటితే యానాం. గంటన్నర ప్రయాణం. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, కోనసీమ వాళ్లకు యానాం అలాగే అయింది. అది కాకినాడ బస్సు ఆగే ఒక స్టాపు. లేదంటే మందు చవగ్గా దొరికే చోటు. అక్కడ చూడ్డానికేముందని అడిగేవాళ్లే ఎక్కువ. చూడ్డానికి చాలానే ఉంది. కాకపోతే ఆ కథ మొదలయ్యేది యానాంలో కాదు, అల్లవరం మండలంలోనే.

బెండమూర్లంకలో ఇంగ్లీషు కోఠీ

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో బెండమూర్లంక ఉంది. మగ్గాలకు పేరుబడ్డ బండారులంక వేరు, ఇది వేరు. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లకు ఇక్కడొక వర్తక స్థావరం ఉండేది. నరసాపురం పక్కన మాధవాయపాలెంలోను, కోరంగి పక్కన ఇంజరంలోను ఇలాంటివే ఉన్నాయి. వాళ్లు దాన్ని ‘ఫ్యాక్టరీ’ అని రాసుకున్నా అక్కడ తయారయ్యేది ఏమీ లేదు. ఒక గిడ్డంగి, ఓ నలుగురు దొరలు, వాళ్ల మాటను మన భాషలోకి తిప్పే దుబాసీలు. నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చేవారు. పుచ్చుకున్నవాడు చెప్పిన పొడవు, పన్నా, నాణ్యతలో బట్ట నేసి అప్పగించాలి. దొర తానులు విప్పించి రకాలుగా వేరు చేయించి, నచ్చనిదాన్ని తిప్పికొట్టేవాడు. బయానా అలాగే అప్పుగా మిగిలిపోయేది. నేతగాణ్ని మగ్గానికి కట్టేసిన తాడు అదే. ఏరి ఉంచిన తానులు చలువకు వెళ్లి, మూటలు కట్టుకుని, పడవల మీద ఓడలకు చేరేవి.

1753లో ఈ తీరం కూడా కలిసున్న ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చాయి. హైదరాబాదు నిజాము సలాబత్ జంగ్ తన గద్దె నిలబెట్టినందుకు ఇచ్చిన ప్రతిఫలం అది. 1757 జనవరిలో బుస్సీ సేనలతోనే బొబ్బిలి యుద్ధం జరిగింది. అదే ఏడు బుస్సీ విశాఖపట్నంతో పాటు మాధవాయపాలెం, బెండమూర్లంక, ఇంజరం స్థావరాలను కూడా లాక్కున్నాడు. అంటే అల్లవరం తీరాన కొన్నాళ్లు ఫ్రెంచివాళ్లదే రాజ్యం.

ఆ వైభవం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి మైదానంలో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు ఆనంద గజపతి సేనలు కలిసి ఫ్రెంచివాళ్లను చిత్తుగా ఓడించాయి. 1765లో మొగలు ఫర్మానా, మరుసటి ఏడు నిజాముతో ఒప్పందం. దాంతో ఉత్తర సర్కారులు కంపెనీవైపోయాయి.

గెలిచినవాడికి కోట, ఓడినవాడికి పాడు గోడ మిగలాలి. ఇక్కడ తారుమారైంది. ఇంగ్లీషువాళ్లకు దేశమంతా దక్కాక బెండమూర్లంక లాంటి చిన్న కోఠీలతో పని తీరిపోయింది. జిల్లా మొత్తానికి కలెక్టరున్నప్పుడు ఏటి మొగలో గిడ్డంగి ఎందుకు? వాళ్ల గుర్తులు ఇక్కడ పట్నంగా కాక నీళ్లుగా మిగిలాయి. ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు, వైనతేయ మీదుగా రాజోలు వైపు నీళ్లు తీసుకెళ్లిన గన్నవరం అక్విడెక్టు వాళ్లవే. ఫ్రెంచివాళ్లకు మాత్రం దేశం పోయి గోదావరి ఒడ్డున యానాం ఒక్కటే మిగిలింది. మిగిలిన ఆ ఒక్కదాన్నీ 1954 దాకా వదల్లేదు.

సైన్యం లేని రాజ్యం

యానాంలో ఫ్రెంచివాళ్లు 1723లో దిగారు. బేరం గిట్టక 1727లో మూట కట్టుకుని వెళ్లిపోయి, 1731లో మళ్లీ వచ్చారు. ఆ తర్వాత ఐరోపాలో రెండు దేశాలూ కత్తి దూసినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాం పట్టుకోవడం, సంధి కుదరగానే తిరిగి ఇచ్చేయడం. 1793లో పట్టుకున్నదాన్ని 1814 పారిస్ ఒప్పందం మీద వదిలారు. ఆ ఒప్పందంలో ఓ షరతు ఉంది. కోటలు కట్టరాదు, శాంతిభద్రతలకు చాలినంతకు మించి సిపాయిలను ఉంచరాదు. అందుకే యానాంలో కోటగోడలు, బురుజులు వెతక్కండి. ఈ ఊళ్లో చూడాల్సింది ఫిరంగులను కాదు, సరిహద్దును. నాలుగడుగులు వేస్తే చట్టం మారిపోయే చోట జనం ఎలా బతికారో చూడటానికి ఇంతకన్నా మంచి ఊరు లేదు.

1929 శారదా చట్టమే తీసుకోండి. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయరాదని బ్రిటిషిండియాలో 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. ఆ చట్టం యానాంలో చెల్లదు. కోనసీమ నుంచి, కాకినాడ వైపు నుంచి పెళ్లివారు చిన్నపిల్లలను వెంటబెట్టుకుని యానాం వచ్చి మూడుముళ్లూ వేయించి తీసుకెళ్లేవారు. ఊరికి కళ్యాణపురమని పేరు పడిపోయింది. నవ్వుకునే మాటలా ఉన్నా, ఆ పందిళ్ల కింద కూర్చున్నది తల్లి ఒడి వదలని పిల్లలని మరిచిపోకూడదు.

అదే సరిహద్దు ఇంకోవైపు తిరిగి ఓటు ఇచ్చింది. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా మొత్తానికి ఒక ప్రతినిధి ఎన్నికై పారిస్ పార్లమెంటుకు వెళ్లేవాడు. 1880లో యానాంకు మున్సిపాలిటీ వచ్చింది. మన తాతలకు ఓటంటే ఏమిటో తెలియని రోజుల్లో ఏటి అవతల ఓట్లు పడేవి. దొంగ ఓట్లు, దొమ్మీలకు ఫ్రెంచి ఇండియా ఎన్నికలు పెట్టింది పేరు. ఆ విద్యా అప్పుడే వచ్చిందన్నమాట.

ఓడలెక్కినవాళ్లు, చెట్టుకు పేరిచ్చినవాడు

ఏటి ఒడ్డున నిలబడితే గుర్తుకు రావాల్సిన సంగతి మరోటుంది. ఈ రేవు నుంచి బట్టల మూటలతో పాటు మనుషులూ వెళ్లారు. కరువు రోజుల్లో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లను బానిసలుగా కొని ఫ్రెంచి దీవులకు పంపిన వ్యాపారం 1790లలో ఇక్కడ సాగింది. 1828లో రీయూనియన్ దీవి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తొలి జట్టు యానాం తెలుగువాళ్లదే. పక్కనున్న కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు ఎంతమంది వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో తమ మూలాలు వెతుక్కునేవాళ్లకు ఈ రేవే మొదటి మెట్టు.

18వ శతాబ్దం చివర్లో యానాంకు అధికారిగా ఉన్న పియర్ సొనెరా పేరుమోసిన ప్రకృతి శాస్త్రవేత్త. భారతదేశం, చైనాల యాత్ర మీద ఆయన రాసిన గ్రంథం 1782లో అచ్చయింది. మడ చెట్లలో ఒక జాతికి ఆయన పేరు మీదే ‘సొనెరేషియా’ అని పెట్టారు. ఆ జాతి చెట్లు యానాం పక్కనే కోరంగి మడ అడవిలో ఇవాళా ఉన్నాయి. బురదలోంచి మేకుల్లా నిటారుగా పైకి పొడుచుకొచ్చే శ్వాస వేళ్లే వాటి గుర్తు. పిల్లల్ని తీసుకెళితే చెక్క వంతెన మీద నడిపిస్తూ ఆ వేళ్లు చూపించండి.

ఊళ్లో ఒక రోజు

పొద్దున్నే కేథలిక్ చర్చికి వెళ్లండి. దాన్ని తెల్లదొరల గుడి అనేవారు. పని మొదలుపెట్టిన ఫ్రెంచి ఫాదరీ 1836లో కన్నుమూశాడు. కట్టడం పూర్తయ్యేసరికి 1846 వచ్చింది. మధ్యలో 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఈ తీరాన్ని ఊడ్చేశాయి. ఆ తర్వాతా పని ఆపకుండా ముగించారంటే మెచ్చుకోవాలి. అక్కడి నుంచి వెంకన్న గుడికి రండి. ఇక్కడి స్వామికి మీసాలుంటాయి, అందుకే మీసాల వెంకన్న. అవధానాలతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బాల్యం గడిచింది ఈ వీధుల్లోనే.

సాయంత్రం గోదావరి గట్టు. నూరు మీటర్ల ఉక్కు టవరు ఈ మధ్యది. ఈఫిల్ టవరని ముద్దుగా పిలుచుకుంటారు గానీ ఫ్రెంచివాళ్లకు దాంతో సంబంధం లేదు. దానికన్నా చేపల వేలం చూడ్డం మేలు. గోదావరికి వరద నీరొచ్చే రోజుల్లో వెళితే పులస దొరుకుతుంది. ధర విన్నాక, పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు మీద బళ్ల నంబర్లు కూడా గమనించండి. పీవై 04 అని ఉంటాయి. పుదుచ్చేరి ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే, అయినా యానాం ఎమ్మెల్యే కూర్చునేది ఆ అసెంబ్లీలోనే.

ఇదెలా కుదిరిందంటే, 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో వలంటీర్లు ఊళ్లోకి నడిచొచ్చి ఫ్రెంచి జెండా దించి మన జెండా ఎగరేశారు. ఆ నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన మన దేశం చేతికొచ్చింది. 1956లో కుదిరిన ఒప్పందంలో, ఈ ప్రాంతాల ప్రత్యేక ప్రతిపత్తిని మార్చాలంటే జనం అభిప్రాయం తెలుసుకోవాలని రాసుకున్నారు. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించాక 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైంది. చుట్టూ ఆంధ్ర ఉన్నా యానాం ఆంధ్రలో కలవకపోవడానికి మూలం జనం అభిప్రాయం గురించి ఒప్పందంలో రాసుకున్న ఆ మాటే.

చర్చి ఎక్కడికీ పోదు, మీసాల వెంకన్నా పోడు. పోయేది జ్ఞాపకమే. ఫ్రెంచి జెండా దిగిన రోజుకు పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. బళ్లో ఏ పాఠం చెప్పారో, నాకా దగ్గర సరుకు ఎలా దాటించారో, ఏ పెళ్లికి ఎవరొచ్చారో వాళ్ల నోటి నుంచే వినాలి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన కనిపిస్తే ‘తాతగారూ, దొరల రోజుల్లో ఎలా ఉండేదండీ’ అని ఒక్క మాట కదపండి. పుదుచ్చేరి వచ్చే ఏడాది చూడొచ్చు. యానాంకు మాత్రం ఈ సెలవుల్లోనే వెళ్లండి.