‘ఫ్రీ’గా వచ్చే మోకాలి పట్టీ.. బిల్లు మాత్రం మెడికేర్‌కు!

అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా పేరు మెడికేర్. 1965లో దీనికి చట్టం చేశారు. గ్రీన్‌కార్డుపై వరుసగా ఐదేళ్లు అక్కడే ఉన్న పెద్దలు కూడా ప్రీమియం కట్టి చేరవచ్చు. పిల్లల దగ్గర స్థిరపడిన మన అమ్మీ అబ్బాలకు కూడా ఇది ముఖ్యమైన ఆసరా.

వీల్‌చైర్, ఆక్సిజన్ మిషన్, మోకాలి పట్టీ లాంటివి డాక్టర్ రాసిస్తే ఖర్చులో సాధారణంగా 80 శాతం మెడికేర్ ఇస్తుంది. మిగతా 20 శాతం పేషంట్ కట్టుకోవాలి. అందుకే ధర పెరిగితే ప్రభుత్వంతో పాటు పేషంట్ జేబుకూ చిల్లు పడుతుంది.

అద్దె ఎంత? అసలు ధర ఎంత?

2006లో అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఆక్సిజన్ మిషన్ల లెక్కలు తీసింది. కొత్త మిషన్ సగటు ధర 587 డాలర్లు. కానీ 36 నెలల అద్దె కింద మెడికేర్ ఒప్పుకున్న మొత్తం 7,215 డాలర్లు! అందులో పేషంట్ వాటాయే 1,443 డాలర్లు. ఆ డబ్బుతో రెండు మిషన్లు కొన్నా ఇంకా మిగులుతుంది. బజారు ధరతో సంబంధం లేకుండా ప్రభుత్వ జాబితా ప్రకారం చెల్లించడమే దీనికి కారణం. 2011లో తొమ్మిది ప్రాంతాల్లో కంపెనీల మధ్య పోటీ టెండర్లు పెట్టాక ధరలు దిగొచ్చాయి.

ఫోన్‌తో మొదలయ్యే మోసం

2019 ఏప్రిల్‌లో అమెరికా న్యాయ శాఖ 24 మందిపై కేసులు పెట్టింది. నష్టం 120 కోట్ల డాలర్లకు పైనే అని చెప్పింది. ఆరోపణలు ఇలా ఉన్నాయి: విదేశీ కాల్ సెంటర్లు ముసలివాళ్లను ‘ఫ్రీ’ నడుము, మోకాలి పట్టీలంటూ ఆకర్షించేవి. డబ్బు తీసుకున్న డాక్టర్లు పేషంట్‌ను చూడకుండానే చీటీ రాసేవారు. కంపెనీలు మెడికేర్‌కు బిల్లు పెట్టేవి.

అసలు నష్టం తర్వాత తెలుస్తుంది. రికార్డులో పట్టీ ఇచ్చినట్టు ఉంటే, నిజంగా అవసరమైన రోజు మెడికేర్ ‘ఇప్పటికే ఇచ్చాం’ అని నిరాకరించవచ్చు.

ఇంట్లో పెద్దలుంటే..

* ఫోన్ చేసినవారికి మెడికేర్ నంబర్ చెప్పవద్దు. బ్యాంకు కార్డులా దాచుకోవాలి.
* మీ డాక్టర్ రాయని వస్తువు పార్శిల్‌లో వస్తే తీసుకోవద్దు.
* మెడికేర్ పంపే ఖర్చుల కాగితాన్ని పిల్లలు ఒకసారి చదివి పెట్టాలి.
* తీసుకోని వస్తువుకు బిల్లు కనిపిస్తే 1-800-633-4227కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.