నూనె ముందు, పిండి తర్వాత

టెక్సాస్‌లోని ఫ్రిస్కో. నరక చతుర్దశి, ఉదయం ఆరు గంటలు. బయట చిమ్మచీకటి. అక్టోబరు చివర్లో ఇక్కడ గడియారాలు ఇంకా వేసవి లెక్కలోనే నడుస్తుంటాయి కాబట్టి ఏడున్నర దాటితే గానీ పొద్దు పొడవదు. సూర్యోదయానికి ముందే తలంటు కావాలన్న నియమం ఇక్కడ పాటించడం తేలికని, పిల్లల్ని మూడింటికే లేపక్కర్లేదని అమ్మమ్మకి సంతోషం.

మీరు వంటింట్లోకి వచ్చేసరికి మరుగుతున్న నీళ్ళలో చిన్న నూనె గిన్నె తేలుతోంది. పచ్చి నువ్వుల్ని ఆడించిన నూనె అది, ఇండియన్ స్టోర్‌లో కొన్నది. ఈ విషయంలో పొరపాటు పడకండి. మామూలు అమెరికన్ దుకాణంలో నువ్వులనూనె పేరుతో దొరికే చిన్న సీసాలో సాధారణంగా ఉండేది వేయించిన నువ్వుల నుంచి తీసింది. అది తలకి పెట్టుకుంటే పండగ రోజంతా మీ నెత్తిన చైనీస్ ఫ్రైడ్ రైస్ వాసన.

మేడ మీద బాత్రూమ్ పలకల మీద పాత దుప్పటి పరిచారు. గదుల్లో కార్పెట్ కదా, నూనె చుక్క పడితే వదలదు. ఎనిమిదేళ్ళ మనవరాలు నిద్రమొహంతో పీట మీద కూర్చుంది. అమ్మమ్మ బొట్టు పెట్టి, హారతిచ్చి, మూడు వేళ్ళు నూనెలో ముంచి మాడు మీద అద్దింది. ఆ తర్వాత అరచేతులతో చెవుల వెనక, మెడ నరాల మీద, మోచేతుల గరుకు మీద తాపీగా రుద్దుతోంది. వెచ్చటి నూనె వాసనకి పక్కన నిలబడ్డ మీకే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఇంకెంతసేపు అమ్మమ్మా?"

"నూనె ఒంటికి పట్టద్దూ? కూర్చో తల్లీ."

స్టీలు డబ్బా మూత తీయగానే గది వాసనే మారిపోయింది. పెసలు, శనగపప్పు, కాసిని బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, ఎండిన గులాబి రేకులు, బత్తాయి తొక్కలు. విజయవాడలో మర పట్టించి సూట్‌కేసులో తెచ్చిన సున్నిపిండి. బావంచాలు మాత్రం ఈసారి వేయలేదట. మంచి పనే. వాటిలో ఉండే సోరాలెన్ అనే పదార్థం చర్మాన్ని ఎండకి తట్టుకోలేనిదిగా చేస్తుంది, టెక్సాస్ ఎండ సంగతి తెలిసిందే.

ఇప్పుడు అమ్మమ్మ చేతులు చూడండి. పొడి పిండినే నూనె ఒంటి మీద చల్లి, పై నుంచి కిందికి నలుస్తోంది. పిండి నూనెని పీల్చుకుని, మట్టితో కలిసి, సన్నటి నలకలుగా దుప్పటి మీద రాలుతోంది. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. సున్నిపిండి మొహానికి పూసుకుని ఎండబెట్టుకునే లేపనం కాదు, నూనెని తీసే సాధనం. ఫోన్లలో కనిపించే వీడియోలు నూనె సంగతి వదిలేసి, పిండిలో పెరుగు కలిపి, మొహానికి పట్టించి, బిగుసుకున్నాక కడుక్కోమంటాయి. అలా చేసి చర్మం పొడిబారిందని, మంటెక్కిందని, పాతకాలపు చిట్కాలన్నీ ఉత్తవేనని తీర్పిచ్చేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. సగం పద్ధతి చేసి మొత్తం పద్ధతిని తిట్టడమది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంకలనం చేసిన 'మానసోల్లాసం'లో రాజుగారి స్నానానికి ప్రత్యేకంగా ఓ భాగమే ఉంది. అక్కడా ఇదే వరస: ముందు పరిమళ తైలంతో మర్దన, తర్వాత ఆ జిడ్డు తీయడానికి పిండి.

పొడిగా నలవడంలో అమెరికా ఇంటికి ఇంకో లాభం కూడా ఉంది. నూనె, తడిసి ఉబ్బిన పిండి కలిసి గొట్టంలోకి దిగితే తూము పూడుకుపోతుంది. దుప్పటి మడిచి చెత్తబుట్టలో దులిపేస్తే ప్లంబర్‌తో పని పడదు.

ఇక కుంకుడు రసం. రాత్రే కాయలు చితక్కొట్టి, నల్ల గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టారు. ఇప్పుడు పిసుకుతుంటే గిన్నె నిండా నురగ. పాప గుప్పిట్లో ఉప్పుగల్లు సిద్ధంగా ఉంది. మొదటి దోసెడు తల మీద పడగానే కేక.

"కళ్ళూ! అమ్మమ్మా, కళ్ళు!"

"మూసుకోమన్నానా! ఉప్పు నోట్లో వేసుకో."

ఉప్పుకీ కంటి మంటకీ సంబంధం ఏమిటని అడక్కండి. నోరు ఉప్పుతో తీరిక లేకుండా ఉంటే ఏడుపు తగ్గుతుందని నా అనుమానం. మంట మాత్రం నిజమైనదే. నురగనిచ్చే సాపోనిన్లే కళ్ళనీ మండిస్తాయి.

ఈ కాయ ఈ నేలకి కొత్త కాదు. ఉత్తర టెక్సాస్ వాగుల గట్ల మీద కుంకుడు జాతి చెట్టే ఒకటి పెరుగుతుంది, వెస్టర్న్ సోప్‌బెర్రీ అంటారు. శీతకాలంలో ఆకులు రాలినా, తేనెరంగు కాయలు గుత్తులుగా వేలాడుతూనే ఉంటాయి. మనం డబ్బాల్లో మోసుకొస్తున్న కాయకి చుట్టం, నడక దారి పక్కనే ఉంది. పడమటికి అరిజోనా వెళితే హోపీ ఆదివాసుల పెళ్ళిళ్ళలోనూ తలంటు ఉంది. యుక్కా వేరు నురగతో వధూవరుల తలలు కడిగి, ఇద్దరి జుట్టూ కలుపుతారు. మన తలంటు చూసిన హోపీ ముసలమ్మకి వివరించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

స్నానం అయింది. తెల్లటి టబ్బు అంచున పసుపు చారలు. పిల్ల తల్లి క్లీనర్ సీసా తీసుకుని చల్లింది. అంతే, పసుపు కాస్తా ఎర్రబారింది! ఆవిడ కంగారు పడుతుంటే అమ్మమ్మ ఫక్కున నవ్వింది.

"పారాణి కలిపావు కదే!"

నిజమే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎందుకు ఎర్రగా వస్తుందో, ఈ చారలూ అందుకే ఎర్రబడ్డాయి. క్షారం తగిలితే పసుపులోని కర్క్యుమిన్ రంగు మారుతుంది. ఎండ తగిలితే వెలిసిపోతుంది కూడా, కాబట్టి కిటికీ తెర తీసి పెడితే చాలు. పసుపు గురించి అమెరికా వాళ్ళతో మనకి పెద్ద తగవే నడిచింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 5,401,504 నంబరు పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేసి, 1953 నాటి భారతీయ వైద్య సంఘం పత్రికలోని వ్యాసంతో సహా పాత ఆధారాలు ముందు పెట్టింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

ఆఖరిది సాంబ్రాణి. ఇంట్లో వేస్తే ముందు పొగ అలారం మోగుతుంది. అంతకన్నా ముఖ్యం, తలుపులు బిగించిన ఇంట్లో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని అందరూ పెరట్లోకి నడిచారు. బార్బెక్యూ గ్రిల్‌లో కొబ్బరిచిప్పలు కణకణలాడుతున్నాయి. పాప జుట్టు విరబోసుకుని గాలివాలుకి నిలబడితే, తెల్లటి పొగ పాయల్లోంచి పాకి, పక్కింటి కంచె దాటుతోంది. కంచె అవతల ఆయన తల ఎత్తి చూసి చెయ్యి ఊపాడు. ఈయన ఫిర్యాదు చేసే రకం కాదు లెండి.

తలంటు అయ్యాక పిల్లలకి పెట్టే కాటుక దగ్గర మాత్రం నేను ఆచారం పక్షం కాదు. కాటుక, సుర్మా లాంటివాటిని సౌందర్య సాధనాల్లో రంగుగా వాడటానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతించలేదు. వాటిలో కొన్నింట్లో సీసం బయటపడింది, సీసం పసిపిల్లల మెదడుకి చేటు. ఊరి నుంచి వచ్చిన పేరులేని డబ్బీ ఏదైనా ఉంటే చంటిపిల్లల కళ్ళ దాకా రానీయకండి. అమ్మమ్మ కూడా ఒప్పుకుంది, కొంచెం గొణిగి.

ఇవన్నీ ఇక్కడ దొరుకుతాయి, ఒక్కటి తప్ప: రుద్దే ఇంకో మనిషి చేతులు. తన వీపు తనే రుద్దుకోవడం, తన మాడుకి తనే నూనె అద్దుకుని దీవించుకోవడం కుదరని పనులు. అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటూ చదువుకుంటున్నవాళ్ళు, ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఈ దీపావళికి మొహమాటపడకుండా తెలిసిన తెలుగువాళ్ళ ఇంటికి ముందురోజే చెప్పి వెళ్ళండి. పెద్దావిడ ఎవరైనా ఉంటే పీట వాల్చుకుని ఆవిడ ముందు కూర్చోండి. పాత దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్ళడం మరిచిపోకండి.