చూరు కింద గాలి

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న గిన్నెలాంటి చోటు. పొద్దుగూకాక కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి, లోయ అడుగున నిలిచిపోతుంది. శీతకాలపు తెల్లవారుజామున పొలాల మీద మంచు కదలకుండా ఉండేది అందుకే. నైరుతి దిక్కున చింతపల్లి మండలంలోని లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపుకు దిగుతుంది. విశాఖ తీరంలో ఇల్లు కట్టేవారికి గాలి ఎటునుంచి వస్తుందన్నది ముఖ్యం. కొండమీద కట్టుకున్నవారికి రాత్రి వెచ్చదనం ఎంతసేపు నిలుస్తుందన్నదే ముఖ్యమైంది.

బగత, కొండదొర, కొటియా, పోర్జ, గదబ, ఖోందు పల్లెల్లో పాత ఇళ్ల రూపం ఒక్కటి కాదు. గదబల పాత గుండ్రటి ఇల్లు, కొనదేలిన గడ్డికప్పుతో, ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లుకు చుట్టంలా కనిపిస్తుంది. ఇప్పుడు అది చాలా అరుదు. తక్కినవి ఎక్కువగా రెండు వాలుల ఇళ్లు. రూపం ఏదైనా లోపలి ఏర్పాటు ఇంచుమించు ఒకటే: ఎర్రమట్టి గోడ, వంగితేగాని దూరలేని గుమ్మం, బాగా కిందికి దిగిన చూరు, లోపల మూడురాళ్ల పొయ్యి, దానిమీద అటక. కిటికీ ఉండదు, ఉన్నా చిన్న కంత.

అడుగు మందం మట్టిగోడలో పగటి ఎండవేడి లోపలి ముఖానికి చేరడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నపు వేడి చలి మొదలయ్యే వేళకు ఇంట్లోకి వస్తుందన్నమాట. గడ్డికప్పు పని వేరు. పరకల మధ్య చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని పోనివ్వదు. కిందికి దిగిన చూరు వేసవిలో గోడకు నీడ, వానాకాలంలో గొడుగు. పొయ్యి రాజుకున్నప్పుడు వేడిగాలి పైకి లేస్తుంది, గుమ్మం నుంచి చల్లగాలి దాని చోటులోకి వస్తుంది. పొగ మాత్రం తిన్నగా బయటికి పోదు. అటక కింద ఆగి, గడ్డి సందుల్లోంచి మెల్లగా ఊరుతుంది. ఆ ఆలస్యమే దాని ఉపయోగం. అటక మీది ధాన్యమూ, వేలాడదీసిన మొక్కజొన్న కంకులూ ఆరతాయి, పురుగు పట్టదు. వాసాలూ వెదురూ మసిబారి ఎక్కువకాలం మన్నుతాయి. పెద్ద భవనాల్లో హీటరు, తేమ తీసే యంత్రం, పాతగాలి లాగే ఫ్యాను విడివిడిగా చేసే పనులను ఇక్కడ ఒక్క పొయ్యే మోసేది. ఆ మోతకు మూల్యం పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ చెల్లించాయి.

బ్రిటిష్ దొరల లెక్క దీనికి పూర్తిగా ఎదురు. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యంపై 1859లో నియమితమైన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఇరుకు బ్యారక్కుల చెడుగాలే జబ్బులకు మూలమన్నది ఆనాటి వైద్యుల నమ్మకం. అందుకే ఎత్తైన గదులు, చుట్టూ వరండాలు, కప్పు కొసన గాలి కంతలు, వీలైతే కొండమీద విడిది. మైదానంలో పంకాలూ, తడిపిన వట్టివేళ్ల తడికలూ గాలి ఆడించి చల్లబరిచే పని కొంత చేశాయి. అనంతగిరి దగ్గరి గాలికొండ మీద తెల్లసిపాయిలకు ఆరోగ్య విడిది పెట్టాలని 19వ శతాబ్దం నడుమ ఒక ప్రయత్నం జరిగింది. పేరులోనే గాలి ఉన్న కొండ. వెళ్లినవారు జ్వరాల పాలయ్యారు, విడిది ఆలోచన అక్కడితో ఆగింది.

మలేరియా అనే ఇటలీ మాటకు అర్థం చెడుగాలి. ఆ అర్థం తప్పని తేల్చే దారి తెరుచుకుంది తెలుగునేల మీదే: 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోషం గాలిది కాదు, దోమది. దోమలు పొగను ఓర్వవు గనుక కిటికీ లేని మసి ఇంటికి ఒక రక్షణ ఉండేదనుకోవచ్చు. మన్యం జ్వరాన్ని అది ఆపలేకపోయిందన్నదీ నిజమే.

1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం, ఘాట్ రోడ్లు కొండల్లోకి సిమెంటు, ఇనుము చేరడాన్ని సులువు చేశాయి. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన వంటి పథకాలతో పక్కా ఇల్లు పల్లెలకూ వచ్చింది. పలుచటి స్లాబు పగలు తొందరగా కాగుతుంది, రాత్రి ఆకాశంలోకి అంతే తొందరగా వేడిని వదిలేస్తుంది. పొగ ఊరడానికి సందు లేదు, అటకకు చోటు లేదు. వానకు కారకపోవడం, నిప్పు అంటుకోకపోవడం, ఏటేటా గడ్డి కప్పే చాకిరీ తప్పడం దాని గొప్ప లాభాలు. గడ్డికప్పును మెచ్చుకునే సందర్శకులు ఈ మూడింటినీ మరిచిపోతుంటారు. పొగ తగ్గించడానికి 1983లో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం, 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం గ్యాసు పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి.

పర్యాటకం పెరిగాక అరకులో కట్టిన హోటళ్లు మైదానపు నమూనాలనే తెచ్చుకున్నాయి: స్లాబు, పెద్ద అద్దాలు, బిగించిన తలుపులు. ఏసీ గదిలోని వేడిని ద్రవరూపంలోని రసాయనానికి అప్పగిస్తుంది. అది ఆవిరై, కంప్రెసర్‌లో నలిగి, ఆ వేడిని బయటి పెట్టెలో వదిలి మళ్లీ ద్రవమవుతుంది. లోపలి చల్లటి గొట్టాల మీద గాలిలోని తేమ నీరై కారిపోతుంది. శ్రావణ భాద్రపదాల్లో గోడలకు బూజు పట్టే అరకులో చల్లదనం కన్నా ఈ ఆరబెట్టడమే దాని అసలు మేలు. ఇదే చక్రాన్ని తిప్పి నడిపితే గది వెచ్చబడుతుంది, అలాంటి ఏసీలు బజారులో ఉన్నాయి. అయితే మామూలు ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. పెద్ద భవనాల్లో ఆ పని వడపోతలూ గాలి గొట్టాలూ వేరుగా చేయాలి, చిన్న హోటల్లో కిటికీ తెరవాలి.

పల్లెల్లో చాలామంది స్లాబు ఇంటి వెనక చిన్న వంటపాక వేసుకున్నారు. గ్యాసు పొయ్యి ముందింట్లో, కట్టెలపొయ్యి ఆ పాకలో. విత్తనపు కంకులు పాక వాసానికే వేలాడతాయి.