కుమారుని నేరము, తండ్రి బాధ్యత: ఒక చారిత్రక పరిశీలన

యౌవనస్థుడొకడు హత్యానేరముపై జైలుకు వెళ్తే సంఘములో మొదట వినిపించే మాట, "పెంపకం అలాంటిది" అని. ఆ తల్లిదండ్రులు ఆరాధనకు రావడానికే వెనుకాడతారు. కుమారుని నేరములో తండ్రి పాలు ఎంత? ఈ ప్రశ్నకు చరిత్రలోను లేఖనములోను కనబడే జవాబులను ఈ వ్యాసము క్లుప్తంగా పరిశీలిస్తుంది.

క్రీ.పూ. 18వ శతాబ్దపు బబులోను రాజైన హమ్మురాబి శాసనములు కొన్ని నేరాలలో కుటుంబాన్ని ఒకే వ్యక్తిగా ఎంచాయి. మేస్త్రి కట్టిన ఇల్లు కూలి యజమాని కుమారుడు చనిపోతే, మేస్త్రి కుమారుని చంపవలెనని 230వ శాసనము. ద్వితీయోపదేశకాండము 24:16 దీనికి భిన్నముగా, ఎవని మరణశిక్ష వాని సొంత పాపమును బట్టియే అని నిర్ణయించింది. యూదా రాజైన అమజ్యా తన తండ్రిని చంపిన సేవకులను శిక్షించి, వారి పిల్లలను విడిచిపెట్టినది ఈ ఆజ్ఞను బట్టియే (2 రాజులు 14:5-6).

రోమా చట్టములో తండ్రి అధికారము క్రింద ఉన్న కుమారుడు, ఎంత పెద్దవాడైనా, దొంగతనము వంటి అపరాధము చేస్తే తండ్రి నష్టపరిహారము చెల్లించాలి. లేదా కుమారునినే బాధితునికి అప్పగించాలి. 399లో ఆర్కాదియసు చక్రవర్తి శాసనము నేరమున్న చోటనే శిక్ష ఉండాలని, నిర్దోషులైన బంధువులను బాధించకూడదని ప్రకటించింది. పిల్లలను అప్పగించే పద్ధతిని 533లో జస్టీనియను చట్టము త్రోసిపుచ్చింది.

అయితే శిక్ష వేరు, బాధ్యత వేరు. ఏలీ కుమారులు పెద్దవారు, యాజకులు. దేవుడు ఏలీపై మోపినది వారి పాపము కాదు. ఎరిగియుండి వారిని అడ్డగింపని అతని సొంత దోషము (1 సమూయేలు 3:13). అమ్నోను తామారును చెరిపినప్పుడు దావీదు కోపగించుకొన్నాడు గాని శిక్షించినట్లు లేఖనము చెప్పదు. రెండేండ్ల తరువాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు (2 సమూయేలు 13). సమూయేలు కుమారులు కూడా లంచాలు పుచ్చుకొన్నారు. కాని ఆ దోషమును లేఖనము సమూయేలుపై మోపలేదు (1 సమూయేలు 8:3).

మన దేశములో 2019 మోటారు వాహనాల సవరణ చట్టము 18 ఏండ్లు నిండనివాడు వాహనముతో నేరము చేస్తే సంరక్షకునికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధిస్తుంది. తనకు తెలియకుండా జరిగిందని, లేదా తగిన జాగ్రత్త తీసుకొన్నానని రుజువు చేస్తే విడిచిపెడుతుంది. ఏలీ విషయములో లేఖనము అడిగినవీ ఇవే: ఎరిగియున్నాడా? అడ్డగించాడా?

కాపరి అడుగవలసినవి కూడా ఈ రెండే. ఎరిగియుండి దాచిన తండ్రిని పశ్చాత్తాపమునకు పిలువాలి. కుమారుని తప్పించడానికి సాక్ష్యాలు మాయము చేసేవానిని గద్దించాలి. హతుని కుటుంబానికి మనము చెల్లించవలసిన మొదటి న్యాయము అదే. కాని ఎరుగని తల్లిని, బ్రతిమాలి ఓడిపోయిన తండ్రిని దోషుల వరుసలో నిలబెట్టే అధికారము మనకు లేదు. అబ్షాలోము కొరకు ఏడ్చిన దావీదువలె వారూ ఏడుస్తున్నారు. వారి ఇంటి తలుపు తట్టేవారిలో కాపరి మొదటివాడై ఉండాలి.